సాఫ్ట్‌వేర్ ఏ దేశానిదైతేనేం, కౌంటర్లో మనిషేడీ?

సంపాదకులకు నమస్కారం.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఈమెయిళ్ళు, దాదాపు 12 లక్షలట, జోహో అనే మన దేశపు సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే వేదిక మీదికి మారాయన్న వార్త వచ్చినప్పటి నుంచి ఎక్కడ చూసినా ఒకటే వాదన. స్వదేశీ సాఫ్ట్‌వేర్ వచ్చేసింది, ఇక మనకు తిరుగులేదని కొందరు, అమెరికా వాళ్ళది లేకపోతే ఆఫీసుల్లో ఫైలు కదలదని ఇంకొందరు. చదువుతుంటే నవ్వొచ్చింది, కాస్త కడుపు మండింది కూడా. నేను నల్లకుంటలో 2003 నుంచి డీటీపీ, జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. సర్కారు ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా, ఏ యాప్ తెచ్చినా, మూడో రోజుకల్లా దాని దెబ్బ తిన్నవాళ్ళు నా దుకాణం మెట్లెక్కుతారు. హైటెక్ సిటీలో కూర్చుని దాన్ని తయారు చేసినవాళ్ళకి వీళ్ళ మొహాలు కనపడవు, నాకు కనపడతాయి. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే, జాగా లేకపోతే కోసుకోండి, కానీ పెన్షన్ ఆవిడ సంగతి మాత్రం కోయకండి.

మొన్న నవంబర్‌లో వచ్చింది ఆవిడ. డెబ్బై ఐదు దాటి ఉంటాయి. భర్త పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షనే ఆధారం. ఏటా నవంబర్‌లో బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, కాగితం నింపుకుని బ్యాంకుకు వెళ్ళింది. అక్కడ తీసుకోం అన్నారట. "ఇప్పుడంతా ఆన్‌లైనే అమ్మా, బయట నెట్ సెంటర్లో చేయించుకో పో" అన్నారట. ఏ బ్యాంకో ఎందుకు లెండి.

ముందు వేలిముద్ర పెట్టించాను. పడలేదు. నలభై యాభై ఏళ్ళు అంట్లు తోమిన చెయ్యి, గీతలన్నీ అరిగి వేళ్ళు గాజులా నున్నగా అయిపోయాయి. తడిగుడ్డతో తుడిచాను, కాస్త వేజలీన్ రాశాను, ఒక వేలు కాకపోతే ఇంకో వేలు, పదీ అయిపోయాయి. సరే అని ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి పెట్టాను. అందులో గుండ్రంగా గీసిన గీతలో ముఖం పెట్టి కళ్ళు ఆర్పాలి. ఆవిడకి అప్పటికి పది రోజుల కిందటే ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, నల్లద్దాలు తియ్యడానికే భయపడుతోంది. నేను "ఆర్పు పెద్దమ్మా" అన్నప్పుడు ఆర్పుతుంది, అప్పుడు యాప్ చూడదు. యాప్ చూసే సమయానికి ఆవిడ నా వైపు తిరిగి "అయిందా బిడ్డా" అంటుంది. లోపల ట్యూబ్‌లైట్ వెలుతురు చాలట్లేదేమోనని బయటికి తీసుకొచ్చి, పక్కన ఛాయ్ హోటల్ గోడకి నిలబెట్టాను. ఛాయ్ తాగేవాళ్ళంతా చుట్టూ చేరారు. ఒకడు "కళ్ళు పెద్దగా చెయ్ అవ్వా" అంటాడు, ఇంకొకడు "కొంగు వెనక్కి తియ్" అంటాడు. ఐదోసారో ఆరోసారో ఫెయిల్ అయినప్పుడు ఆవిడ అన్న మాట: "నీ ముంగటనే నిలబడ్డ, మాట్లాడుతున్న, నేను బతికున్న అని ఆ ఫోన్‌కి ఇంకెట్ల చెప్పాలె బిడ్డా?"

ఏడోసారి పడింది. నేను డబ్బు తీసుకోలేదు, అది వేరే సంగతి.

యాప్ తప్పని నేననను. ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే ఈ జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది, ముఖంతో చేసే పద్ధతి 2021 నుంచి ఉంది. విద్యానగర్‌లో మంచం మీంచి లేవలేని ఒక పెద్దాయనకి నేనే వెళ్ళి రెండు నిమిషాల్లో చేసి వచ్చాను. అంతకుముందు ఏడాది ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు రెండంతస్తులు దింపి ఆటోలో బ్యాంకుకు తీసుకెళ్ళారట. అలాంటివాళ్ళకి ఇది నిజంగా వరమే. కానీ కాగితం మీద ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌ని ఎవరూ రద్దు చెయ్యలేదు, బ్యాంకులో మనిషి ఎదురుగా వచ్చి సంతకం పెడితే ఇప్పటికీ చెల్లుతుంది. రూల్ అలా ఉంటే, ఆ కౌంటర్లో కూర్చున్నాయన మాత్రం తన పని ఒకటి తగ్గుతుందని ఆవిడని నా దుకాణానికి పంపాడు. నా గొడవంతా ఇక్కడే ఉంది. టెక్నాలజీ అదనపు దారిగా వస్తుంది, వచ్చిన రెండేళ్ళకి పాత దారికి ముళ్ళకంప అడ్డం వేస్తారు. ఆ కంప వేసేది యంత్రమేమీ కాదు, కుర్చీలో ఉన్న మనిషే.

నేను దుకాణం పెట్టేనాటికి ఊళ్ళో ఈసేవ మంచి జోరు మీదుంది. అది 2001లో మొదలైంది. అంతకుముందు కరెంటు బిల్లుకి ఒక లైను, నల్లా బిల్లుకి ఒక లైను, ఫోన్ బిల్లుకి ఇంకెక్కడో ఒక లైను. ఈసేవలో టోకెన్ తీసుకుని కుర్చీలో కూర్చుంటే, నంబర్ వెలిగినప్పుడు లేచి వెళ్ళి అన్నీ ఒకే కిటికీ దగ్గర కట్టేసి రావచ్చు. కంప్యూటర్ ఉండేది, కానీ కౌంటర్‌కి అవతలి పక్క ఉండేది. దాన్ని నడపడం తెలిసినవాళ్ళు దాని ముందు కూర్చునేవాళ్ళు. అక్షరం ముక్క రానివాడు కూడా పాత బిల్లు, డబ్బు చేతికిస్తే పనైపోయేది. 2011లో మీసేవ వచ్చినప్పుడూ అదే పద్ధతి, కులం సర్టిఫికెట్‌కి, ఆదాయం సర్టిఫికెట్‌కి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే బాధ చాలావరకు తగ్గింది. దేశంలో వేరే ఊళ్ళు మన వైపు చూసిన రోజులవి. తర్వాత్తర్వాత ఏమైందంటే, కౌంటర్ అవతల ఉన్న కంప్యూటర్‌ని ఇవతలికి, మన జేబులోకి తోశారు. సౌకర్యమే, కాదనను. దాంతోపాటు తప్పు పడితే ఆ బాధ్యతనూ మన మీదికే తోశారు. పేరులో ఒక అక్షరం తప్పు కొడితే అది ఇప్పుడు నీ తప్పు. సబ్‌మిట్ నొక్కాక డబ్బు కట్ అయ్యి రసీదు రాకపోతే అది నీ నెట్ తప్పు. అడగడానికి అవతల ఎవరూ లేరు, ఒక టోల్ ఫ్రీ నంబర్, అందులో పాట.

తేలిగ్గా చేస్తే ఎంత బాగుంటుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, సిటీ బస్సెక్కితే చాలు. ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. ఆడవాళ్ళు ఆధార్ కార్డో, ఓటర్ కార్డో చూపిస్తారు, కండక్టర్ కంటితో చూసి మెషీన్లోంచి జీరో టికెట్ చింపి ఇస్తాడు. అంతే. బస్సులో వేలిముద్ర మెషీన్ లేదు, ఓటీపీ లేదు. అదే ఎవరైనా తెలివైన కన్సల్టెంట్ చేతిలో పెట్టి ఉంటే, కోఠి నుంచి ఉప్పల్ పోయే బస్సులో తొక్కిసలాట మధ్య తొంభై మంది ఆడవాళ్ళ వేళ్ళు నొక్కించేవాళ్ళు. బస్సు అంబర్‌పేట దాటేది కాదు. ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారో గానీ వాళ్ళకి దండం.

రేషన్ షాపులో మాత్రం వేలు తప్పదు. దానివల్ల మంచీ జరిగింది, రాష్ట్రంలో ఏ షాపులోనైనా బియ్యం తెచ్చుకోవచ్చు, ఊరొదిలి ఇక్కడ అడ్డా కూలీకి వచ్చినవాళ్ళకి అది పెద్ద ఊరట. కానీ థంబ్ పడకపోతే? కంటిపాప (ఐరిస్) చూడాలి, ఓటీపీ పంపాలి, ఆ ఓటీపీ వెళ్ళే నంబర్ కొడుకు పేరు మీద ఉంటుంది, కొడుకు షిఫ్టులో ఉంటాడు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న ఆధార్ మీద ఇచ్చిన తీర్పులో, వేలిముద్ర సరిపోలలేదన్న కారణంతో అర్హులకు రావాల్సింది ఆపకూడదనే విషయం ఉంది. తీర్పు ఢిల్లీలో ఉంది, మెషీన్ ఇక్కడ ఉంది. మెషీన్ "సరిపోలలేదు" అంటే డీలర్ ఏం చేస్తాడు, రేపు రమ్మంటాడు.

ఇంతకంటే ఘోరం రేషన్ కార్డు ఉండాలో వద్దో కూడా కంప్యూటరే తేల్చడం. సమగ్ర వేదిక అని మన రాష్ట్రంలో ఒక ఏర్పాటు ఉంది, రకరకాల శాఖల దగ్గరున్న వివరాలన్నీ ఒకచోట కలిపి, ఫలానా మనిషికి కారుందా, ఇల్లుందా, కరెంటు బిల్లెంత అని జత కలుపుతుంది. తెలుగువాళ్ళ పేర్లు తెలిసిందే, ఒక బస్తీలో అదే పేరు, అదే తండ్రి పేరు ఉన్నవాళ్ళు నలుగురుంటారు, వాళ్ళల్లో ఒకడి కారు ఇంకొకడి ఖాతాలో పడితే కార్డు పోతుంది. రద్దయిన రేషన్ కార్డుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2022లో కోర్టు సుమారు 19 లక్షల కార్డుల్ని ఇంటింటికీ మనుషుల్ని పంపి మళ్ళీ పరిశీలించమని చెప్పింది. అంటే చివరికి మనిషే వెళ్ళాల్సి వచ్చింది. ఆ పని మొదట్లోనే చేసి ఉంటే మధ్యలో అన్నేళ్ళ బియ్యం పోయేది కాదు.

భూముల సంగతి పల్లెల గొడవ కదా, నల్లకుంటలో నీకెందుకు అంటారేమో. సిటీలో ఉండేవాళ్ళలో సగం మందికి ఊళ్ళో రెండెకరాలో, అరెకరమో ఉంటుంది. 2020 అక్టోబర్ 29న భూముల రికార్డుల వెబ్‌సైట్ ధరణి వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేరోజు అయిపోవడం చూసి నేనే నలుగురికి గొప్పగా చెప్పాను. అన్నీ సరిగ్గా ఉన్నవాడికి అది బంగారం. పాస్‌బుక్‌లో విస్తీర్ణం తప్పు పడ్డవాడికి, నిషేధిత జాబితాలోకి సర్వే నంబర్ ఎక్కినవాడికి మాత్రం నరకం. నా దగ్గరికొచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు తప్పు సరిచెయ్యమని అడిగే టీఎం 33 దరఖాస్తు ఎన్నిసార్లు పెట్టాడో లెక్కలేదు. పెడతాం, కొన్నాళ్ళకి రిజెక్ట్ అని వస్తుంది, ఎందుకో ఉండదు, మళ్ళీ ఫీజు కట్టి పెడతాం. తహసీల్దార్ దగ్గరికి పోతే "మా చేతిలో ఏం లేదు, ఆన్‌లైన్" అంటాడు. అబద్ధం కాదది, 2020 చట్టంతోనే కింద నడిచే రెవెన్యూ కోర్టులు ఎత్తేశారు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. అరెకరం కోసం సివిల్ కోర్టుకి ఎవడు పోతాడండీ? 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది, అందులో అప్పీలు చేసుకునే వీలు మళ్ళీ పెట్టారు. ఐదేళ్ళలో పేరు మారింది, ముఖచిత్రం మారింది అని జోకులేస్తారు గానీ, నా మటుకు నాకు అసలైన మార్పు ఆ అప్పీలే. తప్పు పడితే ఎవరిని అడగాలో తెలియడం చిన్న సంగతా!

ఓటు దగ్గర ఈ తెలివి మనకు ముందే వచ్చింది. ఈవీఎంలు తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి మన ఈసీఐఎల్. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ అని రోజూ బస్సులో అరుస్తారు కదా, అదే. ఆ మిషన్ ఎంత మంచిదైనా జనానికి అనుమానం పోలేదు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక వీవీప్యాట్ వచ్చింది, బటన్ నొక్కగానే అద్దం వెనక ఏడు సెకన్లు చీటీ కనపడి డబ్బాలో పడుతుంది. రేపు గొడవొస్తే ఆ చీటీలు లెక్కపెట్టుకోవచ్చు. ఓటుకి యంత్రం వెనక కాగితం పెట్టుకున్న దేశం, రేషన్ కార్డుకీ పెన్షన్‌కీ పట్టాకీ ఎందుకు పెట్టుకోదు?

2024 జులై 19న అమెరికాలో ఎవరో ఒక సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క అప్‌డేట్‌తో ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. ఆ రోజు శంషాబాద్‌లో ప్రయాణికులకి బోర్డింగ్ పాస్‌లు పెన్నుతో రాసిచ్చారు. ఫొటో అందరూ చూశారు, నవ్వుకున్నారు. నాకైతే భలే ముచ్చటేసింది. అక్కడ కౌంటర్లో మనిషి ఉన్నాడు, పెన్ను ఉంది, రాసిస్తే విమానం ఎక్కనిచ్చే అధికారం అతనికి ఉంది. మన మున్సిపల్ ఆఫీసులో సర్వర్ డౌన్ అయితే అక్కడున్న మనిషికి ఆ అధికారం ఉందా? బోర్డు తగిలించే అధికారం మాత్రం ఉంది.

ఇక నా దుకాణం లోపలి సంగతులు. పోటీ పరీక్షల అప్లికేషన్లు పడ్డాయంటే నాకు పండగ. అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్ళ పిల్లలు అర్ధరాత్రి దాకా ఉంటారు. వీళ్ళు చదువుకున్నవాళ్ళు, చేతిలో మంచి ఫోన్లున్నవాళ్ళు, మరి నా దగ్గరికెందుకు? ఫొటో 20 కేబీకి తగ్గకూడదు, 50 కేబీకి మించకూడదు. సంతకం 10 నుంచి 20 కేబీ. ఫోన్లో తీసిన ఫొటో ఏమో నాలుగు ఎంబీ ఉంటుంది. తగ్గిస్తే మొహం మసకబారి "ఫొటో స్పష్టంగా లేదు" అని తిరిగొస్తుంది, తగ్గించకపోతే ఎక్కదు. మొన్న ఒక అమ్మాయి వరంగల్ నుంచి వచ్చింది, హాస్టల్లో ఉంటుంది, సైజు తగ్గించడానికి ఏదో ఊరూ పేరూ లేని వెబ్‌సైట్లో తన ఆధార్ కార్డు, పదో తరగతి మెమో, సంతకం అన్నీ ఎక్కించేసింది. అవి ఏ దేశంలో ఎవడి దగ్గరికి పోయాయో దేవుడికే తెలియాలి. ఎవరికీ ఓటీపీ చెప్పకండి, జాగ్రత్తగా ఉండండి అని ఒకవైపు రోజూ రింగ్‌టోన్లలో చెప్తారు, ఇంకోవైపు పిల్లల్ని ఇలా తోస్తారు. అవతల ఉన్న సర్వర్‌కి ఫొటో కుదించుకోవడం ఎంత పని? నా పాత డబ్బా కంప్యూటరే రెప్పపాటులో చేస్తుంది. డయల్ అప్ నెట్ ఉన్న కాలంలో ఎవరో పెట్టిన అంకె, ఈ రోజుకీ దాన్ని ఎవరూ మార్చలేదు. ఒక్కో ఫొటోకి నాకు ఇరవై రూపాయలు. నిజం చెప్పాలంటే సర్కారు వెబ్‌సైట్ ఎంత అధ్వానంగా ఉంటే నా గల్లా అంత నిండుతుంది. అయినా రాస్తున్నానంటే అర్థం చేసుకోండి.

తెలుగు ఫాంట్ల గొడవ ఇంకా పాతది, ఇందులో నా పాపం కూడా ఉంది. ఇరవై ఏళ్ళు "అను" అనే కంపెనీ ఫాంట్లలో కొట్టి కొట్టి నా వేళ్ళు దానికే అలవాటు పడ్డాయి. పెళ్ళి కార్డు, కరపత్రం, శతకం, పార్టీ వాళ్ళ ఫ్లెక్సీ, అన్నీ పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను. అచ్చుకి అది బ్రహ్మాండం, అక్షరం అందం ఇప్పటికీ దానిదే అంటాను. చిక్కెక్కడంటే, అది తెలుగులా కనపడుతుంది గానీ కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. అందులోంచి ఒక ముక్క కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. ఏ కంప్యూటర్‌కైనా అక్షరం అక్షరంగానే అర్థమయ్యే పద్ధతి యూనికోడ్, అందులో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. ఆంధ్రప్రదేశ్ కలిసున్నప్పుడే మండలి, సురవరం, గిడుగు, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వచ్చాయి. ఫాంట్లు లేవన్న సాకు అప్పుడే పోయింది. అయినా ఆఫీసుల్లో ఏం చేస్తారంటే, అనులో కొడతారు, ప్రింట్ తీస్తారు, సంతకం పెట్టి గుండ్రంగా స్టాంపు వేస్తారు, దాన్ని వంకరగా స్కాన్ చేసి వెబ్‌సైట్లో పెడతారు. పెట్టాం కదా అంటారు. దాన్ని వెతికితే దొరకదు, ఎందుకంటే అది ఫొటో. మా వీధిలో చూపులేని ఒక కుర్రాడున్నాడు, లెక్చరర్ ఉద్యోగానికి చదువుతున్నాడు, ఫోన్ చదివి వినిపిస్తుంటే వింటాడు. ఇంగ్లిష్ నోటిఫికేషన్ గడగడా చదివి పెడుతుంది. తెలుగు సర్క్యులర్ తెరిస్తే ఫోన్ మూగబోతుంది. మన భాషలో మన సర్కారు ఇచ్చిన కాగితం చదవడానికి వాడు నా దుకాణానికి వచ్చి నాతో చదివించుకుంటాడు. తెలుగు భాషాభివృద్ధి మీద సభలు పెట్టేవాళ్ళు ఒక్కసారి వాడి పక్కన కూర్చోవాలి.

దీనికి కోట్లు ఖర్చు అక్కర్లేదు. ఆఫీసుల్లో తెలుగు కాగితం యూనికోడ్‌లోనే కొట్టాలి, కొట్టిన ఫైలునే వెబ్‌సైట్లో పెట్టాలి, స్కాన్ చేసిన ఫొటో పెట్టకూడదు అని గట్టిగా చెప్పి, టైపిస్టులకి నెల రోజులు యూనికోడ్ తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పిస్తే సరిపోతుంది. నేను యాభై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను, మొదటి పదిహేను రోజులు కీబోర్డు కిటికీలోంచి విసిరేయాలనిపించింది, తర్వాత అదే వచ్చింది.

అందరూ ఒక పద్ధతికి కట్టుబడితే ఏం జరుగుతుందో యూపీఐ చూపించింది కదా. 2016లో వచ్చింది, 2025 ఆగస్టులో ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటాయి. అది అంతగా పాకడానికి కారణం ఫలానా యాప్ గొప్పదని కాదు, నా దుకాణంలో ఉన్న ఒక్క క్యూఆర్ కోడ్ మీద ఎవరి ఫోన్లో ఏ యాప్ ఉన్నా పనిచెయ్యడం. మిర్చి బజ్జీల బండివాడు ఏ బ్యాంకో నువ్వు అడగక్కర్లేదు. ఒక కంపెనీ నచ్చకపోతే ఇంకోదానికి పోవచ్చు, బండివాడికి తేడా తెలియదు. ఇంత మంచి పని చేసిన దేశంలో, ఒక శాఖలో కొట్టిన ఫైలు పక్క శాఖలో తెరుచుకోదు! అన్నట్టు 2025 ఏప్రిల్ 12న, శనివారం, యూపీఐ ఆగిపోయిన పూట నేను టిఫిన్ తిని చెయ్యి కడుక్కుని ఫోన్ తీస్తే తిరుగుతూనే ఉంది. జేబులో పైసా లేదు. హోటలాయన తెలిసినవాడు కాబట్టి "రేపివ్వు అన్నా" అన్నాడు. అప్పటి నుంచి ఫోన్ కవర్లో ఒక ఐదొందల నోటు మడిచి పెట్టుకుంటున్నాను.

సాఫ్ట్‌వేర్ మార్చడం మాటలు చెప్పినంత తేలికనీ నేననను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆపేశారు. నా మూడు కంప్యూటర్లలో రెండు విండోస్ 11కి పనికిరావన్నారు, నడుస్తున్న డబ్బాలు, బాగానే ఉన్నాయి, పారేయాలట. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, ఒకదాంట్లో విండోస్ తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ వేసిచ్చింది. రూపాయి ఖర్చు లేదు. బ్రౌజర్, ప్రింటర్, స్కానర్, తెలుగు టైపింగ్ అన్నీ పనిచేస్తున్నాయి, ముందుకంటే చురుగ్గానే ఉంది. ఏడాదికొకసారి సైబర్ కేఫ్‌ల మీద దొంగ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అంటే గుండెలు జారే టెన్షన్ కూడా లేదు, ఆ పాపం మేమంతా చేసినవాళ్ళమే. కానీ పేజ్‌మేకర్ లేదు, అను లేదు. పైగా ఒక కాంట్రాక్టర్ టెండర్ వెయ్యాలని డిజిటల్ సంతకం డాంగిల్ తెచ్చాడు, అది అందులో పెడితే ఉలకదు పలకదు. ఇంకో సైట్ ఏమో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడమంటుంది, దాన్ని మైక్రోసాఫ్ట్ వాళ్ళే 2022లో మూసేశారు. పోయినవాడి ఇంటికి దారి చూపించినట్టుంది. కాబట్టి ఒక డబ్బా లినక్స్, ఒక డబ్బా పాత విండోస్, అదీ నెట్ తీసేసి, ఇలా నెట్టుకొస్తున్నాను. కేరళలో ప్రభుత్వ బడులన్నిటిలో, 2 లక్షలకు పైగా కంప్యూటర్లు, లినక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి, వాళ్ళు ఒక్కరోజులో చెయ్యలేదు, ముందు టీచర్లకి నేర్పారు. మన దగ్గర ముందు కొంటారు, తర్వాత ఎవరికొచ్చో చూస్తారు.

కేంద్రానికి ఈ విషయంలో పాలసీలకేం కొదవలేదు. ఫైళ్ళు అందరికీ తెరుచుకునే ప్రమాణాల్లో ఉండాలని 2010లో ఒకటి, ఓపెన్ సోర్స్‌కి, అంటే కోడు అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌కి, మొదటి పీట వెయ్యాలని 2015లో ఒకటి ఉన్నాయి. అందుకే జోహో వార్త విని నేను చప్పట్లూ కొట్టలేదు, తిట్టనూ లేదు. తమిళనాడు వాళ్ళ కంపెనీ పైకొస్తే సంతోషమే. నాకు తెలుసుకోవాలని ఉన్నదల్లా ఒకటే, రేపు ఏదో కారణంతో వద్దనుకుంటే ఆ ఉత్తరాలూ ఫైళ్ళూ మొత్తం తీసుకుని ఇంకో చోటికి పోవడానికి ఒప్పందంలో ఏం రాసుకున్నారు? అను కంపెనీ మనదే, తెలుగువాళ్ళదే. స్వదేశీయే. అయినా అందులో ఇరవై ఏళ్ళు కొట్టిన కాగితాలు ఇప్పుడు బయటికి తియ్యలేక చస్తున్నాం కదా. మా తాతగారి శతకం ఒకటి ఆ ఫాంట్‌లో 2006లో కొట్టి పెట్టాను, ఆ ఫైలు ఫ్లాపీలోంచి సీడీలోకి, సీడీలోంచి పెన్‌డ్రైవ్‌లోకి వచ్చింది గానీ తెలుగులోకి మాత్రం ఇంకా రాలేదు.

మన రాష్ట్రంలో కూడా ఏ యాప్ తెచ్చినా ముందు ఒక నెల నల్లకుంట లాంటి చోట ఒక నెట్ సెంటర్లో కూర్చుని చూడమనండి. నా దుకాణంలో కుర్చీ వేస్తాను, ఛాయ్ నా ఖర్చు. పెన్షన్ నెల నవంబర్ అయితే మరీ మంచిది.

ఈ ఉత్తరం యూనికోడ్‌లో పంపుతున్నాను. మీ డెస్కులో దీన్ని మీ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు "క్ష" దగ్గరా, ఒత్తుల దగ్గరా ఎగిరిపోయే అలవాటుందని మీ దగ్గర పనిచేసిన కుర్రాడే ఒకడు చెప్పాడు. ఒకసారి ప్రూఫ్ చూసుకోండి.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ యజమాని,
నల్లకుంట, హైదరాబాద్